కనబడని వాయువు, కావలి కాయు యంత్రము



మా కృత్తివెన్ను సీమ వాసనల సీమ. కృష్ణకాలువల శివారునీరు మా పొలములలో ముగియును. కొల్లేటి మిగులునీరు ఉప్పుటేరై మాకు తూర్పుగా సముద్రమున గలియును. నడుమ రొయ్యలచెరువులు, ఉప్పునేలలు, ఎండుచేపల కళ్లములు. బయటియూరివారు బస్సు దిగినతోడనే ముక్కు మూసికొందురు. మాకు మాత్రమా వాసన తెలియదు. ఎడతెగక వచ్చు వాసనను ముక్కు కొంతసేపటికి లెక్కసేయుట మానును. ఇది మా ముక్కుల లోపము గాదు. మనుష్యజాతి ముక్కుకే అది స్వభావము.

ఈ చిన్నవిషయమును మొదట జెప్పుటకు కారణమున్నది. నేడు మన వంటయిండ్లలో గ్యాసు కారినచో మనలను హెచ్చరించు కావలివాండ్రు ఇద్దరు: ఒకడు ముక్కు, రెండవవాడు యంత్రము. ముక్కు బలహీనత మీకు జెప్పితిని. యంత్రమునకు గల బలహీనతను జెప్పుటయే నేటి ప్రసంగోద్దేశము.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు నిరుడొక పాత ఇంటిబండిని గొనెను. అచ్చట దానిని క్యాంపరు అందురు. పడక, వంటపొయ్యి, చలికి వెచ్చజేయు కొలిమి, స్నానపుగది, అన్నియు ఆ బండిలోనే యుండును. పొయ్యికిని కొలిమికిని బండివెంట కట్టిన ప్రొపేను సిలిండరే ఆధారము. లోపల గోడయడుగున, నేలకు జానెడెత్తున, అరచేయంత పెట్టె యొకటి బిగించియుందురు. గ్యాసు కారినచో కూతపెట్టు యంత్రమది. ఆ పెట్టె కొన్నాళ్లుగా ఊరక కీచుమనుచుండగా, అతడు నాకు ఫోనుచేసి, "మామయ్యా, పచ్చదీపము వెలుగుచునే యున్నది, మీట నొక్కినచో కూయుచునే యున్నది. అయినను దానిని తీసివేసి క్రొత్తది పెట్టుమని కాగితములో వ్రాసినారు. ఇది సరకు అమ్ముకొనుటకు పన్నిన యెత్తు గాదా?" అని యడిగెను.

"నాయనా, దాని వీపున తేదీ యుండును, చూచితివా?" అంటిని. చూచి, పదునొకండేండ్ల నాటిదని చెప్పెను. ఆ మాట విన్నపిమ్మట అతనికి నేనిచ్చిన జవాబు ఒక్కమాటలో ముగియునది గాదు. దానికి రెండువందల యేండ్ల చరిత్ర యున్నది.

మా ప్రాంతపు పెద్దలు రాత్రివేళ కొల్లేటి రొంపిలో తటాలున వెలిగి ఆరిపోవు మంటలనుగూర్చి చెప్పెడివారు. కొరివిదయ్యమని వానికి పేరు. ఆకులలములు నీటియడుగున క్రుళ్లగా పుట్టు వాయువే అట్టి వెలుగులకు కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ బురదవాయువును సీసాలలో బట్టి, అది మండుగుణము గలదని 1776లో ఇటలీదేశమున మజ్జోరె సరస్సుచెంత నిరూపించినవాడు అలెసాంద్రో వోల్టా. దానినే నేడు మీథేను అనుచున్నారు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. బొగ్గుగనులలో రాతిపొరలనుండి ఊరి జనుల ప్రాణములు దీసినదియు ఆ మీథేనే.

పాడుబడిన నూతిలో దిగబోవువారు ముందుగా దీపమును త్రాటగట్టి దింపి చూతురు. దీపమారినచో అందులో ఊపిరికి జాలిన గాలి లేదని తెలిసికొని వెనుదిరుగుదురు. ఇది మిక్కిలి తెలివైన పద్ధతి. కాని ఈ తెలివియే బొగ్గుగనిలో మృత్యుహేతువు. నూతిలో ఆరిపోవు దీపము గనిలో లోకమునే అంటించును. గాలిలో మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు నున్నచో నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును. ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో 1812 మే 25వ తేదీన జరిగిన ప్రేలుడులో 92 మంది మరణించిరి. వారిలో బాలు రనేకులు. వెలుతురు లేక గనిలో పని సాగదు, దీపమున్న ప్రాణము దక్కదు అను ధర్మసంకట మేర్పడెను.

దాని నుండి తప్పించుటకు డాక్టరు క్లానీ, జార్జి స్టీఫెన్సను, సర్ హంఫ్రీ డేవీ అను మువ్వురు వేర్వేరుగా ప్రయత్నించిరి. వీరిలో డేవీ 1815లో కనుగొన్న ఉపాయము మిక్కిలి సులభమైనది: మంటచుట్టును సన్నని తీగెజాలి చుట్టుట. జాలి మంటవేడిని పీల్చుకొనును గనుక వెలుపలి వాయువు అంటుకొనదు. 1816 జనవరిలో ఆ దీపమును గనిలో బరీక్షించిరి. అది వెలుగుటకే గాక మరియొక పనికిగూడ వచ్చెను. గాలిలో మీథేను చేరినకొలది మంటపై నీలిరంగు టోపి యొకటి కనబడి ఎదుగుచుండును. దాని యెత్తును జూచి మేస్త్రీలు వాయువు పాలెంతయో చెప్పగలిగిరి. ఈ విధముగా వాయువును కంటికి జూపిన తొలి పనిముట్టు దీపమే.

అయితే చరిత్రలో నాకు ముఖ్యముగా దోచునది దీని తరువాతి కథ. దీపము వచ్చినది గదా యని యజమానులు అంతకుముందు విడిచిపెట్టిన వాయుభూయిష్ఠమైన పొరలలోనికి గూడ పనివాండ్రను దింపిరి. జాలిలో ఒక్క తీగ తెగినను, తుప్పుపట్టి రంధ్రము పడినను, ఆ దీపము రక్షకుడు గాక భక్షకుడగును. అందుచేత ప్రతి గనియొద్దను దీపపుగది యేర్పడెను. దిగుటకు ముందు ప్రతిదీపమును విప్పి, జాలిని వెలుతురునకు బట్టి చూచి, మరల బిగించి తాళమువేసి పనివానిచేతి కిచ్చుట ఆచారమయ్యెను. అనగా, కావలివానిని నియమించినంతమాత్రాన చాలదు. కావలివానిపై గూడ కావలి యుండవలెనని ఆనాడే నేర్చుకొనిరి.

రెండవ కావలి పిట్ట. గనులలో ప్రేలుడు జరిగినపిమ్మట మిగులు గాలిలో కార్బను మోనాక్సైడు ఉండును. దానికి వాసన లేదు. దీపము దానిని జూపజాలదు. 1896లో వేల్సుదేశపు టైలర్సుటౌను గనిలో జరిగిన దుర్ఘటనను పరిశీలించిన స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాటు హాల్డేను, చచ్చినవారిలో ఎక్కువమంది ప్రేలుడువలన గాక ఈ విషవాయువువలన చచ్చిరని కనుగొనెను. చిన్నప్రాణి వడివడిగా ఊపిరిదీయును గనుక విషము దానికి ముందుగా ఎక్కునని గ్రహించి, ఎలుకనో చిన్నపిట్టనో వెంట గొనిపోవలసినదని ఆయన చెప్పెను. అంతట కానరీపిట్టలు గనులలో దిగినవి. పిట్ట కొమ్మనుండి కూలినచో మనుష్యునకు పారిపోవుటకు కొన్ని నిమిషములు చిక్కును. కొన్ని పంజరములకు చిన్న ఆక్సిజను సీసాగూడ అమర్చి, కూలిన పిట్టను బ్రదికించుకొనెడివారు. బ్రిటిషు గనులలో ఈ పిట్టల కొలువు 1986లో గాని ముగియలేదు.

ఈ హాల్డేను తన కుమారుని బాల్యమున గనిలోనికి గొనిపోయి, మీథేను నిండినచోట నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఒక ప్రసంగమును జదువుమనెను. నాలుగుమాటలు చదువునంతలో బాలునకు ఊపిరాడక కాళ్లు తేలి నేలబడెను. పడినపిమ్మట తేరుకొనెను. ఏలనగా మీథేను గాలికంటె తేలిక, కప్పునంటియుండును. నేలయొద్ద మంచిగాలి యున్నది. ఆ బాలుడే జె. బి. ఎస్. హాల్డేను. అతడు 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, ఈ దేశపౌరుడై, 1964లో మన పొరుగున భువనేశ్వరములో కన్నుమూసెను. తేలికవాయువు పైన నుండునను ఈ పాఠమును జ్ఞాపకముంచుకొనుడు. ఇంటిబండి విషయములో దీనికి తలక్రిందులైన పాఠము రానున్నది.

మన తెలుగుదేశమునను ఈ విద్య క్రొత్తది గాదు. 1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము సాగెను. 1920లో సింగరేణి పేరు కంపెనీ కెక్కెను. గాలిలో మండువాయువు నూటికి 1.25 పాళ్లు మించినచో పనివాండ్రను వెంటనే వెలుపలికి గొనిరావలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు శాసించినవి. ప్రేలుటకు 5 పాళ్లు కావలసియుండగా 1.25కే లేచిపొమ్మనుటలో గల దూరదృష్టిని గమనింపుడు. మంచి కావలివాడు దొంగ గుమ్మము చేరినపుడు గాక ఊరిపొలిమేర దాటినపుడే కేకవేయును.

గనులను విడిచి ఇండ్లకు వత్తము. వాయువు ఇండ్లలో వంటచెరకైనపుడు దానికి కావలి యెవరు? 1937 మార్చి 18వ తేదీన అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు న్యూలండను ఊరి పాఠశాలలో వాసనలేని సహజవాయువు నేలమాళిగలో చేరి ప్రేలగా, దాదాపు మున్నూరుమంది బాలబాలికలును ఉపాధ్యాయులును మరణించిరి. ఆ పిమ్మటనే వాయువునకు దుర్వాసన కలుపవలెనని ఆ రాష్ట్రమున శాసనము పుట్టినది. మన సిలిండరులోని గ్యాసు కంపుకొట్టుట దాని సహజగుణము గాదు; ఇథైల్ మెర్కాప్టాను అను మందును రవంత కలుపుటచేత వచ్చిన కంపది. అనగా ముక్కును కావలివానిగా నియమించినారు.

దూరప్రాంతములకు బోవు పెద్దగొట్టములలోని వాయువునకు సామాన్యముగా ఈ మందు కలుపరు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము గ్రామమున గొట్టము చిల్లుపడి వాయువు ఊరిపై కమ్ముకొని అంటుకొనగా, ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. ఆ ఊరు మాకు దూరము గాదు. నరసాపురము దాటి గోదావరి కావలి యొడ్డున నున్నది. ఆనాటి వార్త విన్న మా యూరివారు అనేకదినములు పొయ్యి వెలిగించుటకే జంకిరి.

వాసన కలిపినను ముక్కు ఎంతవరకు పనికివచ్చును? నిద్రలో ముక్కు మనలను లేపదు. పడిసెము పట్టినపుడు పనిచేయదు. ముసలితనమున మందగించును. 2020లో వచ్చిన కోవిడు ఎందరి ముక్కులనో కొన్నాళ్లు మొద్దుబరచెను. మా రొయ్యలచెరువుల నల్లబురదలో పుట్టు హైడ్రోజను సల్ఫైడైతే, పాలు హెచ్చినచో వాసన జూచు శక్తినే చంపివేయును. కావున నిద్రపోని ముక్కు ఒకటి కావలసివచ్చెను.

అట్టిదానికి మార్గము వేసినవాడు కాలిఫోర్నియాలోని చమురుకంపెనీలో పనిచేసిన ఆలివరు జాన్సను. చమురుతొట్లు ప్రేలకుండ కాపాడుటకై అతడు 1926, 1927 సంవత్సరములలో ఒక యంత్రమును నిర్మించెను. వేడెక్కిన ప్లాటినపు తీగపై మండువాయువు తగిలినచో అచ్చటనే కాలి తీగను మరింత వేడిచేయును. ఆ వేడిచే మారిన విద్యుత్తును ముల్లు చూపును. పిదప 1962లో జపానువాడైన నవోయోషి తగూచి, తగరపు ఆక్సైడుతో చౌకయైన ముక్కు నొకటి సృష్టించి, సామాన్యగృహములకు అందుబాటు చేసెను. దాని పని విచిత్రమైనది. తగరపు ఆక్సైడు రేణువులను లోపలి చిన్నకొలిమి ఎల్లవేళల వేడిగానుంచును. మంచిగాలిలో నున్నంతకాలము ప్రాణవాయువు ఆ రేణువుల నంటుకొని విద్యుత్తును సాగనీయదు. గ్యాసు వచ్చినచో ఆ ప్రాణవాయువును హరించును, విద్యుత్తు సాగును, కూత పుట్టును.

మా మేనల్లుని ప్రశ్నకు సమాధాన మిచ్చటనే యున్నది. పగలనక రాత్రియనక సంవత్సరములతరబడి వేగుచున్న ఆ రేణువులు క్రమముగా స్వభావము మార్చుకొనును. వంటనూనెపొగ, దుమ్ము, గోడలకును బల్లలకును వాడు మెరుగుమందులలోని సిలికాను ఆవిరి వానిపై పొరగట్టును. కొన్ని ముక్కులు చాదస్తము పట్టి ఊరక కూయును. కొన్ని మొద్దుబారి గ్యాసు వచ్చినను పలుకవు. వెలుపలి పచ్చదీపము మాత్రము వెలుగుచునే యుండును. అది విద్యుత్తు వచ్చుచున్నదని చెప్పునే గాని లోపలి ముక్కు బ్రదికియున్నదని చెప్పదు. పెక్కు యంత్రములలో మీట నొక్కినపుడు వచ్చు కూత గొంతు బాగున్నదనుటకు సాక్ష్యము. ముక్కు బాగున్నదనుటకు గాదు. గనిలో పిట్ట చచ్చినచో అందరికి కనబడెను. దీపపుజాలి చినిగినచో వెలుతురున తెలిసెను. ఈ పెట్టె చచ్చియు బ్రదికినట్లే కనబడును. అందుచేతనే వీపున తేదీ ముద్రించుట, ఆయువు తీరినపుడు కీచుమని చెప్పునట్లు చేయుట ఆచారమయ్యెను. ఇంటిబండ్లలోని పెట్టెల ఆయువు సామాన్యముగా ఐదు మొదలు ఏడు సంవత్సరములు. కీచుమనుట వ్యాపారపు టెత్తు గాదు; "నా కొలువు ముగిసినది, వేరొకని నియమింపుడు" అని ముసలి కావలివాడు చేయు మనవి.

మార్చువిధమును గూడ అతనికి చెప్పితిని, మీకును చెప్పుచున్నాను. మొదట సిలిండరు మూతను కట్టవలెను. పిదప పెట్టెకు వచ్చు పన్నెండు వోల్టుల విద్యుత్తును ఫ్యూజు దీసి ఆపవలెను. మరలు విప్పి, ఏ తీగ ధనము, ఏ తీగ ఋణము అను గుర్తు పెట్టుకొని, క్రొత్తదానిని అట్లే కలుపవలెను. స్థలము మార్చరాదు. సిలిండరులోని ప్రొపేనును బ్యూటేనును మీథేనువలె తేలిక గావు. గాలికంటె ఒకటిన్నర మొదలు రెండురెట్లు బరువు. పడవ చిల్లుపడినపుడు నీరు అడుగున జేరునట్లు, ఈ గ్యాసు బండిలో నేలమీద పరచుకొనును. కావున దాని కావలి నేలయొద్దనే యుండవలెను. సహజవాయువు గొట్టమున్న యింట మాత్రము కప్పుదగ్గర నుండవలెను. బిగించినపిమ్మట కొలిమి వేడెక్కుటకు కొన్ని నిమిషములు పట్టును. దానిపై రంగు వేయరాదు, గుడ్డ కప్పరాదు. ప్రొపేనును చూచు పెట్టె కార్బను మోనాక్సైడును చూడదు. రెండును చూచు జంటపెట్టె గొనవలెను, లేదా రెండవదానిని వేరుగ పెట్టవలెను. కడపట, పెట్టిన తేదీని సిరాతో దానిపై వ్రాయవలెను.

నిజముగా కూసిననాడు చేయవలసిన పని వేరు. దీపపు మీటలు వేయరాదు, ఆర్పరాదు. మంటలుండిన నార్పి, తలుపులు తెరచి, అందరు వెలుపలికి బోవలెను. సిలిండరును వెలుపలినుండియే కట్టవలెను.

"ఇంటిబండ్లు అమెరికావారివి గదా, మాకేల?" అని మీలో కొంద రనుకొనవచ్చును. మన యొద్దను కదలు ఇండ్లు లేకపోలేదు. బందరు, గిలకలదిండి రేవుల నుండి వారముల తరబడి సముద్రముమీదికి బోవు మరపడవలలో వంటయు నిద్రయు ఒక్కచోటనే. ఊరూర బండ్లమీద గ్యాసుపొయ్యి పెట్టి ఫలహారము లమ్మువా రెందరో. చెరువుగట్టున కాపలాదారు గుడిసెలో మంచముక్రిందనే సిలిండరు. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినపిమ్మట పల్లెలలో పొగలేని పొయ్యి పేదరాలి ఇంటికిని వచ్చినది. ఆమె కండ్లకు, ఊపిరితిత్తులకు అది చేసిన మేలు మరువరానిది. పొయ్యితోబాటు కావలి మాత్రము రాలేదు. గ్యాసు నేలబారుగా ప్రాకు తీరును విశాఖపట్టణము 1997 సెప్టెంబరు 14వ తేదీన చూచినది. చమురుశుద్ధి కర్మాగారములో కారిన గ్యాసు ఉదయపుగాలిలో మబ్బువలె పరచుకొని అంటుకొనగా, దాదాపు అరువదిమంది మరణించిరి.

ముందుహెచ్చరిక విలువను మా తీరవాసులకు వేరుగ బోధింపనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేల మంది పోయిరి, హెచ్చరించువారు లేరు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకు వేలు పోయిరి. హెచ్చరిక జనులను సకాలమున కదల్చలేకపోయెను. 1990 మే నెలలో అంతటి తుపానే మరల కృష్ణాముఖమున తాకినపుడు, లక్షలమందిని ముందుగా తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోబడెను. ఈ మూటికిని గల తారతమ్యము గాలిబలములో లేదు. కావలివాని మెలకువలో నున్నది.

కావలివాడు లేని యింటివాడు భయముతోనైన ఒక కన్ను తెరచి నిద్రించును. చచ్చిన కావలివానిని గుమ్మమున నిలిపినవాడు రెండుకన్నులు మూసి నిద్రించును. అందుచేత ఆ పెట్టె గలవారు దాని వీపునుగల తేదీని ఈ రాత్రియే చూడవలెనని కోరుచున్నాను. లేనివారు, పడుకొనుటకు ముందు సిలిండరు మూతను కట్టి, వంటయింటి కిటికీని రవంత తెరచియుంచుటకు ధనము అక్కరలేదు.